మూలకు ఒదిగిన ‘లేకుండా’

మొన్న తార్నాక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఒక కొత్త ఫ్లెక్సీ మీద ‘బోజనం’ అని ఒత్తు లేకుండా కనిపించింది. అక్షరాలన్నీ ఒకే ఎత్తు, ఒకే ఎడం. తప్పు అంత నునుపుగా ఉంటే ఎందుకో చూడబుద్ధి కాలేదు. మన కాలంలో బోర్డు మీది తప్పులో రాసినవాడి చెయ్యి తెలిసేది.

తొంభైల్లో నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో ఇంజనీరింగ్ చదువుతూ, సాయంత్రాలు హాస్టల్ మిత్రులతో తార్నాక దాకా నడుస్తూ, దారిలోని బోర్డుల తప్పులను రకాలుగా విడగొట్టేవాణ్ణి: ఒత్తు ఎగిరిపోయినవి, దీర్ఘం అనవసరంగా సాగినవి, దర్జాగా మొదలై చివర జాగా చాలక అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కినవి. బోర్డు పెయింటరైన మా చిన్నాయన రాసినవి మాత్రం ఏ రకంలోనూ పడేవి కావు. ఆయన ముందు రేకు మీద సుద్ద పూసిన దారంతో గీతలు కొట్టి, ప్రతి అక్షరానికీ చోటు గుర్తుపెట్టుకొని, ఆ తర్వాతే కుంచె ముంచేవాడు.

ఆ రోజుల్లోనే మా మేనమామ, పనిచేసే మిల్లు మూతపడ్డాక, క్యాంపస్‌కు వెళ్ళే దారిలో థీసిస్‌లు టైపు చేసే చిన్న షాపు తెరిచి, బోర్డు పని చిన్నాయనకే అప్పగించాడు. రాయవలసింది ‘తప్పులు లేకుండా టైపు చేయబడును’ అని. తీరా పైకెక్కించి చూస్తే ‘తప్పులు’ పై వరుసంతా పరుచుకుంది, ‘లేకుండా’ కుడి మూలన గోరంతైంది, కింద ‘టైపు చేయబడును’ మళ్ళీ పెద్దగా ఉంది. రోడ్డు మీదివాళ్ళకు ఆ మూల కనబడదు.

“ఏందన్నా, తప్పులు టైపు చేస్తరా? అవి మాతాన మస్తుగున్నయి,” అని ఒక రీసెర్చ్ విద్యార్థి నవ్వి, తన కాగితాల కట్టతో పక్క షాపుకు పోయాడు. అతని వెనక ఇంకొందరు. నా మిత్రులు దాన్ని మూడో రకంలో చేర్చి నవ్వుకున్నారు. ఆ షాపు నడవకపోతే అంబర్‌పేటలో అత్తయ్య పొయ్యి వెలగదు. సీతాఫల్‌మండిలో ఇంకో పెయింటర్ ఉన్నాడని మామకు చెప్పాను.

“మీ చిన్నాయనకు కండ్లు ఆనుతలేవురా. సుద్ద గీతలు గూడ కనవడ్తలేవు. నేనే బోర్డు దించితే బజారంత తెలుస్తది. ఇగ ఆయనకు పనెవడిస్తడు?” అన్నాడు మామ.

కొన్నాళ్ళకు చిన్నాయనే వచ్చాడు. ఆ నవ్వులు ఆయన చెవిదాకా చేరినట్టున్నాయి. స్టూలెక్కి బోర్డును చదవలేదు, తడిమాడు. ఎండిన పెయింటు అంచుల మీద వేలు నడిపిస్తూ ఒక్కో అక్షరమే దాటి, కుడి మూలన ఆగిపోయాడు.

“బావా, దీన్ని గీ మూలకు నూకిన్నా?” అని మామను అడిగాడు.

“గదే అందం బావా. మంచిగనే ఉన్నది.”

“నీకు అబద్ధం గూడ తప్పుల్లేకుండ రాదు బావా.”

ఇద్దరూ నవ్వారు గాని, చిన్నాయన చాలాసేపు స్టూలు దిగలేదు. దిగాక తన కుంచెల డబ్బా మామ బల్ల కింద పెట్టి, ఆ సీతాఫల్‌మండి పెయింటర్‌ను తానే పిలిపించాడు. కొత్త బోర్డుతో షాపు నిలదొక్కుకుంది. డబ్బా అక్కడే ఉండిపోయింది, అందులో కుంచెలు గట్టిపడిపోయాయి.

ఇప్పుడు జాగా చాలకపోవడమనేది లేదు. కంప్యూటర్‌లో లాగితే ఎంత పెద్ద మాటైనా ఒదుగుతుంది. రాసినవారి చూపు మసకబారుతోందని మాత్రం ఏ బోర్డూ చెప్పదు. అయినా తార్నాకలో ఏ బోర్డు చూసినా నా కళ్ళు ముందు కుడి మూలకే పోతాయి.