జంట బరువు

పాస్టర్లకీ వాళ్ళ భార్యలకీ ఒళ్ళు తగ్గించే కార్యక్రమాలు తయారుచేయడం డైటమ్మ ఉద్యోగం. అసలు పేరు చర్చి కార్యాలయంలో ఎవరికీ గుర్తులేదు. మెట్ల కింద గది, ఒక బీరువా, ఒక కాటా, పదకొండేళ్ళ సర్వీసు. ఆవిడ ఎదురుపడితే చేతిలో బిస్కట్టు గబుక్కున జేబులో వేసుకునే అయ్యగార్లు చాలామందే ఉన్నారు.

ఆ మంగళవారం ఒక పాస్టరుగారు వచ్చి కుర్చీ అంచున కూర్చున్నారు. భార్య ఆసుపత్రిలో చేరి నాలుగు రోజులైంది.

"తను ఎప్పట్నించి చిక్కిపోతోందో డాక్టరుగారు అడుగుతున్నారమ్మా. దాన్నిబట్టే జబ్బు ఎంత ముదిరిందో తేల్చుకుంటారట. నెలనెలా మీరే చూశారు కదా, కాస్త చెప్తే రాసుకుంటాను."

"అలాగే అయ్యగారూ," అంటూ డైటమ్మ బీరువా తెరిచింది. ఫైలు చేతికి తగలగానే ఆగింది. అందులో ఏముందో, ఏం లేదో ఆవిడకి తెలుసు.

మొదటి ఏడాది ఒక్క అమ్మగారూ కాటా ఎక్కలేదు. "సంఘమంతా వినేలా నా బరువు చదువుతారా?" అని ఒకావిడ చెప్పులేసుకుని చక్కా పోయింది. అయ్యగార్లయితే ఎక్కారు, ఊపిరి బిగబడితే రెండు కిలోలు మాయమవుతాయన్నంత నమ్మకంతో. అప్పుడు డైటమ్మే ఉపాయం కనిపెట్టింది. బస్తాలు తూచే పెద్ద కాటా తెప్పించి, మొగుడూ పెళ్ళాలిద్దర్నీ ఒకేసారి ఎక్కించి, కలిపి ఒకే అంకె రాయడం. ఎవరిదెంతో ఎవరికీ తెలియదు. పాచిక పారింది. జంటలు జంటలుగా దిగారు. పైవాళ్ళు మెచ్చుకున్నారు. వాళ్ళకంటే ముందు తనని తానే మెచ్చుకుంది.

ఫైల్లో వరసగా అంకెలు. నూట అరవై మూడు, నూట అరవై, నూట యాభై ఆరు, నూట యాభై ఒకటి, నూట నలభై ఏడు. పక్కన ఎర్ర సిరాతో 'శభాష్'. పోయిన నెల మొదటి బహుమతి ఈ జంటకే.

"ఇందులో తనదెంతమ్మా?"

"విడిగా రాయలేదు. మీరొక్కసారి కాటా ఎక్కండి."

ఎక్కారు. తొంభై తొమ్మిది. డైటమ్మ తీసివేత చేసింది. నలభై ఎనిమిది. ఏడవాలనిపించలేదు. ఏమీ అనిపించలేదు.

"పోయిన నెలకి మీరూ ఇంతే ఉండుంటే, ఆవిడ నలభై ఎనిమిది. అంతకుముందుది చెప్పలేను."

"నేను తగ్గలేదమ్మా. ప్యాంట్లు బిగుతవుతున్నాయి." ఆయన అంకె రాసుకున్నారు. కలం ఎత్తకుండానే అడిగారు. "పోనీ, ఒంట్లో బాగోలేదని తను మీతో ఎప్పుడైనా అందా? నాతో అనలేదు."

లేదు అనేయొచ్చు. ఆ మాట అన్నప్పుడు అక్కడ ఇద్దరే ఉన్నారు. రెండో ఆవిడ ఆసుపత్రి మంచం మీద ఉంది.

"అన్నారు," అంది డైటమ్మ. "కార్యక్రమంలో చేరిన మూడో నెల్లో. అన్నం చూస్తేనే కడుపులో తిప్పుతోంది, రెండు ముద్దలు కూడా దిగట్లేదు అన్నారు."

"మీరేమన్నారు?"

"అదృష్టవంతులండీ మీరు అన్నాను. నవ్వాను. ఆవిడా నవ్వారు."

పాస్టరుగారు తల వంచుకుని, కాగితం మీద 'మూడో నెల' అని రాసుకుని, ఆసుపత్రికి బయల్దేరారు.