పొట్లాల్లో లిస్బన్

పెద్దాపురం కిరాణా వ్యాపారి జోగేశ్వరరావు లిస్బన్ నగరం మీద బెంగ పెట్టుకున్నాడు. నవ్వకండి, అన్నం సహించనంత బెంగ.

ప్లాస్టిక్ కవర్లు వద్దన్నాక పొట్లాలకని పాత కాగితాలు కొన్నాడు. వాటిలో ఆ పోర్చుగల్ రాజధాని చరిత్ర, తెలుగులోనే, లావుపాటి పుస్తకం వచ్చింది. వెనక అట్ట ఊడిపోయింది కనక వెనకనుంచే చింపుతూ, ప్రతి కాగితం చదివి మరీ పొట్లం కట్టేవాడు. పేజీ నంబర్లు తగ్గుతున్నాయి కదా అంటారేమో. కొట్లో ఏ సరుకైనా తగ్గుతూనే వస్తుంది, ఆయనకి అందులో వింతేముంది?

మొదట్లో పెద్ద వంతెన, ట్రాములు, తిన్నటి వీధులు. కందిపప్పు పొట్లాల దగ్గరికొచ్చేసరికి వీధులు పోయి జనం గుడారాల్లో పడ్డారు. తర్వాత భూకంపం. అది వచ్చాక ఎటు చూసినా రాజభవనాలే.

"భూమి అలా ఓసారి కదిలితే మనకీ బాగుణ్ణు," అన్నాడు భార్య సాయిసుధతో. ఆవిడ గరిటె ఆపి ఆయన్ని ఎగాదిగా చూసింది.

ఆ తర్వాత రేవునిండా మిరియాలు. ఆపైన ఓడలు మన దేశానికి బయల్దేరాయి. అంటే, సరుకు తిరిగిచ్చెయ్యడానికే. ఎంత నిజాయితీ అని ఆయన మనసు కరిగిపోయింది.

అంత మంచివాళ్ల ఊరు ఆనాటినుంచీ చిక్కిపోసాగింది. చర్చిలు మసీదులయ్యాయి, కోట పోయింది. చివరికి ఒక్క కాగితం మిగిలింది. ఊరు ఉందో పోయిందో చదివే ధైర్యం లేక మూడు రోజులు తూకం రాయి కింద పెట్టాడు.

ఎండుచేపలమ్మే లోవమ్మ వచ్చి యాభై గ్రాముల మిరపకాయలడిగింది. కొట్లో కాగితం అదొక్కటే.

"కాస్త నా పక్కనుండు లోవమ్మా," అని సంగతంతా చెప్పి, పైకే చదివాడు. నది సముద్రంలో కలిసేచోట నాలుగు గుడిసెలు, ఒడ్డున పడవలు. అంతే.

"అంత ఊరు ఇలా అయిపోయిందమ్మా," అని బావురుమన్నాడు.

"దీనికి ఏడుపెందుకండి? మా ఊరు రెండుసార్లు సముద్రంలోకెళ్లిపోయిందండి. రెండుసార్లూ నాలుగు గుడిసెలతోనే మళ్లీ మొదలెట్టాం. పడవలున్నాయంటున్నారు కదా, ఇంకేంటండి?"

జోగేశ్వరరావు కళ్లు తుడుచుకుని, ఆ కాగితంలోనే మిరపకాయలు కట్టి రెండు చేతులతో అందించాడు.

"తడవనీకమ్మా. లోపల ఊరుంది."