మిస్ అయోనీ అట్టముక్కలు

అరటితోటల దీవిలో, పోర్ట్‌లాండ్ కొండల్లోని ఆ చిన్న బడిలో జంటమాటల పాఠమంటే చేతులు కలుపుకునే ఆట. మిస్ అయోనీ బిస్కట్ పెట్టెల అట్ట కత్తిరించి, ముక్కకో మాట రాసి, పక్కన బొమ్మ వేసి, దారం కట్టి పిల్లల మెడల్లో వేస్తుంది. వానా విల్లూ ఒకరినొకరు వెతుక్కోవాలి. కలిపిన చేతులు పైకెత్తి "వానవిల్లు" అని అరిస్తేనే గెలిచినట్టు.

ఆమె అరటితోట కూలీ కూతురు. చిన్నప్పుడు బడిలో ఇంటిమాట నోరు జారితే అరచేతి మీద బెత్తం పడేది. తను టీచరయ్యాక బెత్తం పట్టలేదు. కానీ "కళ్లనీళ్లు అనకూడదు, అది పెరటిమాట. అశ్రువులు అనాలి" అని దిద్దడం మాత్రం మానలేదు.

ఈ ఏడు ఆమె దిగులంతా తమోయ గురించే. ఆ పిల్ల అమ్మమ్మ పోయిన తొమ్మిదో రాత్రి ఊరంతా వాళ్ల వాకిట్లో పాటలు పాడి, వేపిన చేపా రొట్టే తిని వెళ్లింది. పోయినావిడ తిరిగొచ్చినా తన గది గుర్తుపట్టకూడదని ఇంట్లోవాళ్లు మంచం తిప్పి వేశారు. ఆ మంచం మీద అమ్మమ్మ పక్కనే పడుకుని పెరిగిన తమోయ, అప్పట్నుంచీ బడిలో నోరు విప్పలేదు.

ఆరోజు ఆట చూడటానికి పెద్ద టీచర్ మిసెస్ లిండో వచ్చి కూర్చుంది. "అయోనీ, ఇవాళ కూడా పలక్కపోతే ఒకటో తరగతికి పంపను. ఇంకో ఏడాది ఈ పసివాళ్లతోనే."

"పలుకుతుంది మేడమ్," అంది అయోనీ, నమ్మకం లేకపోయినా.

తమోయ మెడలో 'నీళ్లు' వేసింది. 'కొబ్బరి' ఒనీల్‌కిచ్చింది. వాడైతే లాక్కునైనా చెయ్యి పైకెత్తిస్తాడు.

"రావే నీళ్లూ! నీ కొబ్బరిని నేనే!"

తమోయ చెయ్యి వెనక దాచుకుంది. 'కళ్లు' వేసుకున్న పెట్రీన్ దగ్గరికి నడిచి, ఆమె చెయ్యి పట్టుకుంది.

"నువ్వు కాదే! నాకు అద్దాలు రావాలి."

తమోయ వదల్లేదు. చేతులు పైకెత్తి, "కళ్లనీళ్లు," అంది.

"మిస్! అది పెరటిమాట!" అని అరిచాడు ఒనీల్.

"పలికింది సరే, మనం ఇచ్చిన జంటల్లో అది లేదుగా," అంది మిసెస్ లిండో.

పాత దిద్దుబాటు అయోనీ నాలుక చివరిదాకా వచ్చింది. తమోయ ఆమెకేసే చూస్తోంది.

"వాళ్ల వాకిట్లో ఆ రాత్రి మీరూ నేనూ పెట్టుకున్నవేమిటి మేడమ్?" అంది అయోనీ. పిల్లలకేసి తిరిగి, "సరైన జంటే. వరసలో నిలబడండమ్మా."

"సెప్టెంబర్‌లో ఒకటో తరగతికి పంపించు," అని లేచింది మిసెస్ లిండో.

"మరి నా సంగతో?" అన్నాడు ఒనీల్. 'అద్దాలు' వేసుకున్న కేమార్ కూడా ఒంటరిగా మిగిలాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని చేతులు కలిపారు.

"కొబ్బరద్దాలు!"

బడంతా ఘొల్లున నవ్వింది. తమోయ కూడా నవ్వింది, చెయ్యి మాత్రం దించలేదు.

"ఇక దించవే, నొప్పెడుతోంది," అంది పెట్రీన్.