అమ్మ వేసిన విస్తరి

పక్క చేనులో ఈ పొద్దున బోరు లారీ నిలబెట్టారు. గాలి ఇటు తిరిగినప్పుడల్లా రాతిపొడి మా పంచలోకి వచ్చి పడుతోంది. తడి లేని రాయిని పిండి చేసినప్పుడు వచ్చే ఆ మాడు వాసన ముక్కుకు తగలగానే, అన్నం కలపబోతున్న నా చెయ్యి ఆగిపోయింది. ఒకనాడు ఆ పొడిని ఒంటినిండా పూసుకుని ఇంటికి వచ్చి, మా అమ్మ వేసిన విస్తరి ముందు నుంచి ఒక ముసలాయనను లేపేశాను. తప్పు ఎవరిదని వెతకనక్కరలేదు. నాదే.

మా ఊరు కర్ణాటకలో, ఆంధ్రా సరిహద్దునున్న పావగడ తాలూకాలో, అరసికెరె పోయే దారిలో ఉంది. బస్సు ఆగేది మా ఇంటి ముందే. నాన్న తొందరగా పోయాడు. అమ్మకూ నాకూ మిగిలింది వాన మీద బతికే శనక్కాయ చేను. అమ్మ పేరు నాగమ్మ. దారిన పోయేవాళ్లకు ఆ పేరు తెలియకపోయినా ఆమె చేతి సంగటి తెలుసు. బస్సు తప్పినవాళ్లు, గొర్రెలు తోలుకుంటూ ఆంధ్రా నుంచి వచ్చినవాళ్లు, హొసకోటకు పోయి ఎండకు వడలిపోయి తిరిగి వస్తున్నవాళ్లు, ఎవరైనా సరే పంచలో కూర్చుంటే చాలు. తిన్నావా అని ఆమె ఎవరినీ అడిగేది కాదు. ఎందుకు అడగవని నేనంటే, "అడిగితే తిన్నామంటార్రా. ఆకలైనోళ్లే ముందు అంటారు ఆ మాట," అంది. అందుకే చెంబుతో నీళ్లిచ్చి, వాళ్లు కాళ్లు కడుక్కుని వచ్చేలోపల విస్తరి వేసేసేది. చేనుపని లేని మధ్యాహ్నాల్లో ఆమె ఒళ్లో విస్తర్లు కుట్టడానికి మోదుగాకులూ జొన్నపుల్లలూ ఉండేవి. అందరూ తిన్నాక, తన ముద్ద పెట్టుకునే ముందు వీధిలోకి వచ్చి దారికి రెండు వైపులా చూసేది, ఇంకెవరైనా వస్తున్నారేమోనని. వయసులో ఉన్న నాకు అదంతా చాదస్తంగా కనిపించేది. కరువులోనూ మానకపోయేసరికి కోపం వచ్చేది. మన ఇల్లేమన్నా హోటలా అని ఒకసారి దెప్పాను. "హోటలైతే దుడ్డు అడుగుతార్లేరా," అని నవ్వేసింది.

ఆ ఏడు శనక్కాయ ఊడలు దిగే వేళకు వాన మొండికేసింది. మొక్క పచ్చగానే ఉంది గాని, కింద నేల బిగిసిపోయి కాయ పట్టే ఊడను లోపలికి రానివ్వడం లేదు. ఎద్దులను అమ్మి బోరు వేయిద్దామని పట్టుబట్టాను. అమ్మకు ఇష్టం లేకపోయినా నా మాట కాదనలేదు. నీళ్లు చూడడానికి పక్క ఊరి సుబ్బన్నను పిలిచాం. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగి, కాయ లేచి నిలబడిన చోట గీత గీసేవాడు. ఆయన చూపిన చోట చాలామందికి నీళ్లు పడ్డాయి. మా చేనులో గట్టు పక్కన గీత గీసి, "ఉండాదనే తోస్తాండాదప్పా నాకు," అన్నాడు.

నీళ్లు పడలేదు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా పొడి తప్ప ఏమీ పైకి రాలేదు. వాళ్లు పైపులు లాగేస్తుంటే అక్కడ నిలబడలేక ఇంటికి వచ్చాను. నా జుట్టూ కనురెప్పలూ తెల్లగా ఉన్నాయి. పంచలో సుబ్బన్న విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు. బోరు సంగతి తెలుసుకుందామని నడిచి వచ్చినవాణ్ని అమ్మ చేనుదాకా పోనివ్వకుండా కూర్చోబెట్టింది. ముద్ద విరిచి, శనక్కాయల ఊరుబిండిలో అద్దుతూ నన్ను చూశాడు.

"ఏమాయెనప్పా?"

"నీళ్లు చూపియ్యలేనోనికి అన్నం యాడిది? లెయ్," అన్నాను.

ఆయన మా నాన్న కంటే పెద్దవాడు. విరిచిన ముద్దను విరిచినట్టే వదిలి లేచాడు. పక్కనే చెంబు నిండా నీళ్లున్నా ముట్టుకోలేదు. చెయ్యి తువ్వాలుకు తుడుచుకుని, చెప్పులు తొడుక్కోకుండా చేత్తో పట్టుకుని దిగిపోయాడు.

అమ్మ మజ్జిగ తీసుకుని బయటికి వచ్చింది. విస్తరిని చూసింది. దారి మీదికి పోయి, మామా, మామా అని పిలిచింది. ఆయన తిరిగి చూడలేదు. వెనక్కి వచ్చి, గొంతు పెంచకుండానే అడిగింది: "బోరు ఎండిందని ఈ ఇంట్లో అన్నం గూడా ఎండాల్నారా?"

ఆ పూట ఆమె తినలేదు. దారి వైపు చూడనూ లేదు. మరునాడు సంగటి మూట కట్టుకుని ఆయన ఊరికి నడిచిపోయింది. సాయంత్రం మూట విప్పకుండానే తిరిగి తెచ్చింది. తిన్నానులే తల్లీ, అన్నాడట. ఎన్నడూ ఎవరి నోటా రానివ్వని మాటను నా మూలంగా విని వచ్చింది.

కొన్నాళ్లకు గొర్రెలాయన ఒకడు పంచలో కూర్చున్నాడు. అమ్మ విస్తరి పట్టుకుని గడపలో ఆగి నా ముఖం చూసింది. వేయనా, వద్దా అని. నాన్న ఉన్నప్పుడు కూడా ఒకరికి పెట్టడానికి ఆమె ఎవరి ముఖమూ చూడలేదు. నేను తల ఊపాను. ఊపాక ఇంకా సిగ్గేసింది. ఆమె ఇంట్లో, ఆమె వండిన అన్నానికి, నేను సెలవిచ్చేవాణ్నయ్యాను. ఆ తర్వాత ఎవరు వచ్చినా అంతే. గడపలో ఆగడం, నన్ను చూడడం.

ఆ చూపును ఓర్చుకోలేక ఒక మధ్యాహ్నం ఏమీ తినకుండా సుబ్బన్న ఊరికి పోయాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. గుమ్మం ముందు ఆయన విత్తనానికి శనక్కాయలు ఒలుస్తున్నాడు. ఎదురుగా నిలబడ్డాక ఆ మాటలేవీ రాలేదు.

"ఆకలైతాంది తాతా," అన్నాను.

ఆయన చేతిలోని కాయలు కింద పెట్టాడు. పొమ్మనవచ్చు. అనలేదు. కోడలిని కేకేసి, తనే లేచి నా చేతుల మీద నీళ్లు పోశాడు. ఉలవచారు, సంగటి పెట్టారు. ఏమీ వదలకుండా తిన్నాను. "మీ అమ్మకు చెప్పు, ఈడ తిన్నానని," అన్నాడు నేను లేచేటప్పుడు.

చెప్పాను. ఏం పెట్టినారని మాత్రం అడిగింది. తర్వాత సుబ్బన్న మా పంచలో ఎన్నోసార్లు తిన్నాడు. అయినా అమ్మ నా ముఖం చూడడం మానలేదు. నాకు పెళ్లయ్యాకా, పిల్లలు పుట్టాకా కూడా.

ఆమె చాలాకాలం బతికింది. చివరి ఏళ్లలో చూపు పోయింది. పంచలో అలికిడి అయితే మంచం మీద లేచి కూర్చుని, నేనున్న వైపుకు ముఖం తిప్పి ఆగేది. తల ఊపితే కనపడదు గనక, పైకే చెప్పడం మొదలుపెట్టాను: "పెడతాండానమ్మా." అది విన్నాకే మళ్లీ వాలేది.

ఇప్పుడు అమ్మ లేదు. ఎవరు వచ్చినా విస్తరి నేనే వేస్తాను, చేతికి నీళ్లు నేనే పోస్తాను. వేసే ముందు లోపలికి వినపడేలా ఆ మాట అంటాను. వంటింట్లోంచి మా ఆవిడ పలకదు. ఆ మాట తనకు కాదని ఆమెకు తెలుసు.