మార్కాపురంలో నిలిచిపోయిన చుక్క

సార్ పోయారని ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు నేను గిద్దలూరులో నా స్పేర్ పార్టుల షాపులో ఉన్నాను. "అన్నా, నాయన పోయినాడు. నంద్యాల ఆస్పత్రిలో" అంది. వింటూనే కంప్యూటర్ వైపు చూశాను. మ్యాప్ మీద సార్ చుక్క మార్కాపురంలో, ఆయన ఇంటి మీదే ఉంది.

"నంద్యాలేంది తల్లీ, సార్ ఇంట్లోనే ఉన్నాడు కదా" అన్నాను.

"లేదన్నా. ఎండాకాలం నుంచి ఆస్పత్రికి తిరుగుతానే ఉన్నాము" అని ఏడ్చింది. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

ఆ చుక్క సంగతి చెప్పాలి. హైస్కూల్లో మాకు సైన్సు చెప్పిన సార్, రిటైరయ్యాక మాలో కొందరికి హ్యామ్ రేడియో నేర్పి, లైసెన్సు పరీక్ష రాయించారు. చేతిలో పట్టే రేడియో సెట్టు మనం ఎక్కడున్నామో కొద్దిసేపటికోసారి గాలిలోకి పంపుతుంది. సార్ మిద్దె మీది గేట్‌వే దాన్ని అందుకుని ఇంటర్నెట్‌కు ఎక్కిస్తుంది. మ్యాప్ తెరిస్తే మనం ఒక చుక్కగా కనిపిస్తాం. మనం కదిలితే అదీ కదులుతుంది.

పొద్దున్నే పలకల ఫ్యాక్టరీల రోడ్డు మీద సార్ చుక్క నడుస్తుంటే చూస్తూ నేను టీ తాగేవాణ్ణి. ఒకరోజు ఫోన్ చేసి, "షుగరుంది కదా, బేకరీ కాడ ఆగినారేంది సార్?" అని అడిగాను. "చుక్క పెట్టుకున్న పాపానికి బన్ను కూడా తినకూడదా?" అని నవ్వారు.

కానీ ఎక్కడున్నామో చెప్పే విషయంలో ఆయన చాలా గట్టి మనిషి. ఎవరు ఫోన్ చేసినా, "ముందు చోటు చెప్పు, తర్వాత సంగతి చెప్పు" అనేవారు. శివరాత్రికి అడవిలో నడిచే భక్తుల కోసం గేట్‌వే పెట్టెను దోర్నాలకు తీసుకెళ్ళి ఓ హోటల్ మిద్దె మీద పెట్టేవారు. మేము సెట్లు పట్టుకుని దారి పొడవునా వాళ్ళకు తోడుండేవాళ్ళం. ఒకసారి మాలో ఒకడు తన సెట్టును చెక్‌పోస్టులో వదిలేసి, వచ్చి దోసె తింటూ సార్ కంటబడ్డాడు. "నువ్వొక చోట, నీ చుక్కొక చోట. నిన్ను నమ్మి నడిచేటోళ్ళకు ఏం జవాబు చెప్తావు?" అన్నారు. మళ్ళీ వాణ్ణి ఆ పనికి పిలవలేదు.

అలాంటి మనిషి చుక్క ఎండాకాలంలో కదలడం మానేసింది. ఏమైందని అడిగితే, "మోకాళ్ళురా. యాడికీ పోవడంలే" అన్నారు. నమ్మాను. నొప్పుల నూనె కొని బస్సులో పంపాను. వారం తర్వాత ఆయనే ఫోన్ చేసి, "నూనె బాగా పనిచేస్తాంది" అన్నారు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సమాధి కార్యక్రమం అయ్యాక సార్ భార్య పక్కన కూర్చున్నాను. సెట్టును ఇంట్లో ఆన్‌లో పెట్టి, చార్జింగుకు తగిలించి కారెక్కేవారట.

"నంద్యాల పోవాలంటే నా షాపు ముందర్నే కదమ్మా పోవాలి. ఒక్కసారన్నా ఆపలేదే?"

"కారు నిదానం చేయమనేవాడు నాయనా. నువ్వు తల దించుకోని ఏదో విప్పుతా ఉండేవాడివి. అద్దంలోంచి చూసి, 'ఉన్నాడులే, పోనీ' అనేవాడు."

"పిలిచుంటే పరిగెత్తుకోనొచ్చేవాణ్ణి."

"వస్తావనే పిలవనీలేదు. మనిషి సగమైపోయినాడు, చూసి తట్టుకోలేవన్నాడు."

తట్టుకోగలనో లేదో నేను కదా తేల్చుకోవాల్సింది. అన్నిసార్లు ఆయన నన్ను చూసుకున్నారు, నాకు ఒక్కసారీ కనపడలేదు. అదంతా ప్రేమేనని అందరూ సర్దిచెబుతున్నారు. నాకు మాత్రం మోసంగానే ఉంది.

ఇప్పుడు షాపు ముందు ఏ కారు నిదానించినా గిరాకీని వదిలేసి మెట్లు దిగుతున్నాను. అద్దం దించి ఎవరో, "అన్నా, నంద్యాలకు ఇట్లేనా?" అని అడుగుతారు. ఇట్లే అని చెప్తాను.