భుజం మీద ముడతలు

పోయిన నెల నాచారంలో మా బావ చనిపోయాడు. నా భార్యకు అన్న. పొద్దున టీ తాగుతూనే గుండె ఆగింది. నాకు రాయడం పెద్దగా రాదు. అయినా ఆయన గురించి నాలుగు మాటలు మీకు చెప్పాలనిపించింది.

బావ మెకానిక్ కాదు. ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. నా భార్యకు నడుం ఆపరేషన్ అయ్యాక వ్యాయామం కోసం ఉప్పల్ దవాఖానాకు తీసుకుపోవాల్సి వచ్చింది. ఆమె బస్సు మెట్లు ఎక్కలేదు. ఆటో కుదుపు అసలే పడదు. ఉన్నది నా పాత బండి. గుంతలో పడితే ముందు చక్రాన్ని మోసే ఫోర్కులు, అదే స్ప్రింగుల గొట్టాలు, అడుగుదాకా దిగి ఠక్కున కొట్టేవి.

"కొత్త బండి కొనవు గని, ఫోర్కులు నేను జేస్త తియ్ బావా" అన్నాడాయన నాతో.

వాటిలోని పాత నూనె తీసి కొంచెం చిక్కటిది పోశాడు. స్ప్రింగులు ఊరికే కుంగకుండా వాటి మీద ప్లాస్టిక్ పైపు ముక్కలు పెట్టాడు. ఈసారి బండి మరీ గట్టిపడింది. ఇక ప్రతి ఆదివారం ఆ ముక్కలు బయటికి తీయడం, గోరంత కోయడం, మళ్లీ పెట్టడం. పెట్టాక మా ఇద్దరినీ ఉప్పల్ దాకా పోయి రమ్మనేవాడు.

"మంచిగున్నదన్నా" అనేది నా భార్య, దిగుతూనే.

"నీ నోరు నమ్మొద్దు సెల్లె. పురిటి నొప్పులప్పుడు గూడ మంచిగనే ఉన్నదన్నవ్."

అని నా అంగీ చూసేవాడు. ఆమె నా ఎడమ భుజం పట్టుకుని కూర్చుంటుంది. నొప్పి లేస్తే పిడికిలి బిగిస్తుంది. అక్కడి ముడతలను బట్టి ఎంత కోయాలో ఆయన తేల్చేవాడు. మొదటిసారి మెడ గుండీ కూడా తెగింది. "పిల్లి బర్కినట్టున్నది గదనే!" అని నవ్వాడు.

చివరి ఆదివారం ముడతలు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. "ఇంకో గోరంత దీస్తే సాలు. వచ్చే ఐతారం జేస్త" అన్నాడు.

ఆ ఐతారం ఆయన లేడు.

కర్మ అయ్యాక ఒక మెకానిక్‌కు చూపించాను. "పైపు ముక్కలేంది పెద్దమనిషీ? తీసి పారేస్త" అన్నాడు. ఇంటికొచ్చి చెబితే నా భార్య, "అన్న పెట్టింది ముట్టకు" అన్నది. నేనే కోద్దామంటే ఆయనకున్న అంచనా నాకు లేదు. ఎక్కువ కోస్తే మళ్లీ అతకదు.

నిన్న దవాఖానాకు పోయాం. ఉప్పల్‌లో రోడ్డు తవ్వి ఉంది.

"ఎట్లున్నది?" అని అడిగాను.

"మంచిగున్నది. అన్న జేసిండు గద."

గోడ పట్టుకుని లోపలికి పోయింది. బండి అద్దంలో చూసుకున్నాను. ఎడమ భుజం మీద అంగీ నలిగి, ఆమె పిడికిలి మేర ముద్దగా ఉంది. ఆమె బయటికి వచ్చేదాకా దాన్ని సవరించకుండా అట్లాగే నిలబడ్డాను.