అబ్బా చేతి వంట తిన్నవాళ్లు

సాయంత్రమైతే మదనపల్లె బస్టాండు పక్కన పెనం మీద పరోటాలు కాలే వాసన వస్తుంది. అది ముక్కుకు తగిలితే అందరికీ ఆకలేస్తుంది, నాకు మాత్రం ఈ వయసులోనూ కడుపుమంట మొదలవుతుంది.

మా నాన్నను అబ్బా అనేవాళ్లం. ఆయన కొలంబోలో హోటలు నడిపేవాడు, మేము పుంగనూరులో నాన్నమ్మ దగ్గర ఉండేవాళ్లం. రేవులో మూటలు మోసేవాళ్లు పొద్దు పొడవకముందే వస్తారని చీకట్లోనే లేచి పొయ్యి ముట్టించేవాడట, పిండి తనే పిసికేవాడట, కుర్మాలోకి మసాలా ఇంకొకరి చేత నూరించేవాడు కాడట. నాకు తెలిసినవన్నీ ఇలా విన్న ‘అట’లే. ఎప్పుడో ఒక రంజానుకు వచ్చినప్పుడు, మంచాల మీద ఆరేసిన సేమ్యాల మధ్య, అరుగు మీద చింతపండు కొట్టే ఆడవాళ్ల కబుర్ల మధ్య, కొత్త లుంగీ కట్టుకుని కొత్తల్లుడిలా కూర్చునేవాడు. వంటింట్లోకి అడుగు పెట్టబోతే నాన్నమ్మ అడ్డం నిలబడేది.

“ఆడ ఊరోళ్లందరికీ వండి పెడ్తానే ఉండావు గదప్పా, ఈడన్నా కూసోని తిను.”

ఆమె ప్రేమ ఆమెది, నాకు మాత్రం ఒళ్లు మండేది. వాసన సబ్బులు, బిస్కెట్ల డబ్బాలు, పూల గొడుగు తెచ్చేవాడు. వీధిలో అచ్చనగాయలాడే పిల్లలు నా గొడుగు చూసి కుళ్లుకునేవాళ్లు, నేనేమో ముక్కూ మొహం తెలియని కొలంబో జనాన్ని తలుచుకుని కుళ్లుకునేదాన్ని. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, నాకు మా ఇంటి కూరే పొరుగింటిదైపోయింది.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన ఏడు, ఆయన్ను రైలెక్కించడానికి బొగ్గుతో నడిచే బస్సులో మసి కొట్టుకుంటూ కుప్పం వెళ్లాం. ప్లాట్‌ఫారం మీద, అదే రైలుకు తిరిగి వెళ్తున్న మునెప్ప ఎదురయ్యాడు. కొలంబో రేవులో పని, సంసారమూ అక్కడే. వెంట నా ఈడు కొడుకున్నాడు. వాడు అబ్బాను చూడగానే పరుగెత్తుకొచ్చి నడుముకు చుట్టుకున్నాడు.

“వీనికి భాయ్ పెడితేనే ముద్ద దిగతాదమ్మా” అన్నాడు మునెప్ప మా అమ్మతో.

అబ్బా నవ్వి, నాన్నమ్మ కట్టిచ్చిన పొట్లం విప్పాడు. వేపుడులోని మిరపకాయ ఏరేసి, ఉల్లిపాయ ముక్కలు ఉంచి, చపాతీ ముక్క తుంచి వాడి నోట్లో పెట్టాడు. “వీడు కారం తినలేడు, ఎర్రగడ్డలంటే మాత్రం పానం” అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, అమ్మను అడిగాడు.

“పాపకు ఏమంటే ఇష్టం?”

అమ్మ చెప్పేలోపే రైలొచ్చింది. అబ్బా వెళ్లిపోతున్నాడని ఏడుస్తున్నాననుకుని అందరూ నన్ను ఓదార్చారు.

ఆ తర్వాత ఆయన ఒక్కసారే వచ్చాడు, జబ్బు చేసి. మంచం దిగకుండానే పోయాడు.

ఇప్పుడు మా వీధిలో సేమ్యాలు ఎవరూ ఆరేయరు, ప్యాకెట్లు కొనుక్కుంటారు. అరుగులే లేవు. కొలంబోలో ఆ హోటలు ఉందో లేదో చెప్పేవాళ్లు లేరు. మునెప్ప కొడుకు ముసలివాడై ఎక్కడో ఉండే ఉంటాడు, ఏ హోటల్లోనో పరోటా తుంచి నోట్లో పెట్టుకుని, భాయ్ చేసినట్టు లేదని పళ్లెం పక్కకు నెట్టేస్తాడు.

నాకు ఎవరు చేసి పెట్టినా బాగానే ఉంటుంది.